అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది? డోరతీ బిషప్ పరిశోధన నుంచి కొన్ని పాఠాలు

అందరికీ నమస్కారం.

తల్లి తలుపు వైపు చెయ్యి చూపిస్తూ "చెప్పులు వేసుకుని రా" అంటే నాలుగేళ్ల పాప వేసుకుని వచ్చింది. పాపకి ఆ వాక్యం అర్థమైందని మనం అనలేం. తల్లి చెయ్యి, చూపు, 'చెప్పులు' అనే ఒక్క మాట, ఈ మూడూ చాలు. మాట్లాడటంలో లోపం ఉంటే ఇట్టే వినబడుతుంది. అర్థం చేసుకోవడంలో లోపం మాత్రం ఇలా ఏళ్ల తరబడి చాటున ఉండిపోతుంది. ఆ చాటుని తొలగించడానికే ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డోరతీ బిషప్ 1980లలో 'ట్రోగ్' (టెస్ట్ ఫర్ రిసెప్షన్ ఆఫ్ గ్రామర్) అనే, వ్యాకరణం ఎంతవరకు అర్థమవుతోందో చూసే పరీక్ష తయారుచేశారు.

2003లో వచ్చిన రెండో కూర్పులో 80 వాక్యాలు, నాలుగేసి చొప్పున 20 బ్లాకులు. ఒక్కో బ్లాకు ఒక్క వ్యాకరణ నిర్మాణాన్నే పట్టి చూస్తుంది. వాక్యం వినిపించి, నాలుగు బొమ్మల్లో సరైనదాన్ని చూపించమంటారు. నాలుగు వాక్యాలూ సరిగ్గా చూపిస్తేనే బ్లాకు దాటినట్టు. ఎందుకింత కఠినమంటే, గుడ్డిగా చూపించినా ఒక బొమ్మ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. వరసగా నాలుగూ సరిపోయే అవకాశం 256లో ఒకటే. వరసగా ఐదు బ్లాకులు తప్పితే పరీక్ష ఆపేస్తారు.

మార్కుల కన్నా, పిల్లలు ఏ తప్పు బొమ్మని ఎంచుకున్నారన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఉదాహరణకి, పిల్లి కుక్కని తరిమిందన్న వాక్యానికి పిల్లి బదులు ఆవున్న బొమ్మ చూపిస్తే ఆ మాట తెలియకపోవచ్చు, ధ్యాస తప్పి ఉండొచ్చు. తరిమేదెవరో, పరిగెత్తేదెవరో తారుమారైన బొమ్మనే పదేపదే చూపిస్తే చిక్కు వ్యాకరణంలో ఉంది.

దీన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపితే పనిచెయ్యదు. ఇంగ్లిష్‌లో ఎవరు ఎవరిని తరిమారో మాటల వరసే చెబుతుంది. మనకి ఆ పని 'ని' చేస్తుంది. "పిల్లి కుక్కని తరిమింది", "పిల్లిని కుక్క తరిమింది": మాటల వరస మారలేదు, 'ని' చోటు మారింది, అర్థం తలకిందులైంది. కాబట్టి తెలుగు పరీక్షలో ఈ రెండు రకాల వాక్యాలూ కలిసి రావాలి. మొదటి రకమే ఇస్తే, ముందు వినబడ్డ జంతువే తరిమిందనుకునే పిల్లలు కూడా గట్టెక్కేస్తారు. చదివేటప్పుడు 'ని'ని మింగెయ్యకూడదు, ఒత్తి పలకనూ కూడదు. సరైన బొమ్మ వైపు మీ కళ్లు పోకూడదు. పిల్లలు మన చూపుని ఇట్టే పట్టేస్తారు.

1996లో బిషప్, ఆమె సహచరులు కవల పిల్లలతో మరో పని చేశారు: అర్థం లేని మాటలు వినిపించి తిరిగి పలికించారు. పైకి భాషా సమస్య తీరిపోయినట్టున్న పిల్లలు కూడా ఇందులో తడబడ్డారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో పోలిక ఎక్కువగా ఉండటంతో వంశపారంపర్య ప్రభావం బలంగా ఉందని తేలింది. తెలుగులో ఇలాంటి మాటలు కట్టేవారు అచ్చుతో ముగిసేలా చూడాలి; మన మాటలు ఎక్కువగా అలాగే ముగుస్తాయి. 'పలకరి' లాంటిది పనికిరాదు, అందులో 'పలక' దాక్కుని జ్ఞాపకానికి సాయం చేస్తుంది. 'గొమటిడు' నయం. రెండక్షరాలతో మొదలుపెట్టి ఐదు దాకా పెంచుకుంటూ పోవాలి. రోజూ 'ర'ని 'ల'గా పలికే పిల్లలకి అక్కడ తప్పు వెయ్యకూడదు. వీటన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష జరగాలి.

ఇక ఈ భాషా లోపానికి పెట్టిన పేరు సంగతి. బిషప్ నాయకత్వంలో 59 మంది నిపుణులతో, పిల్లల భాషా లోపాలని ఎలా గుర్తించాలి, ఏమని పిలవాలి అన్నదానిపై ఏకాభిప్రాయం కోసం మొదలైన 'క్యాటలైజ్' కసరత్తు ఫలితాలు 2016, 2017లలో వెలువడ్డాయి. 'డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్' (ఎదుగుదలలో కనిపించే భాషా లోపం), క్లుప్తంగా డీఎల్‌డీ, అనే పేరు స్థిరపడింది దాంతోనే. తెలివి పరీక్షలో మామూలు మార్కులొస్తేనే భాషా లోపంగా లెక్కించే పాత షరతుని తీసేశారు. ఇది చాలా న్యాయమైన నిర్ణయం; ఆ షరతు వల్ల సాయం అవసరమైన పిల్లలే బయట ఉండిపోయేవారు. ఆటిజం, శాశ్వత వినికిడి లోపం వంటివి తోడుంటే డీఎల్‌డీ అనరు, ఆ స్థితితో ముడిపడిన భాషా లోపం అంటారు. ఇంగ్లండ్‌లోని సర్రీలో 2016లో వెలువడిన సర్వే ప్రకారం, బడిలో చేరే వయసులో ఇలాంటి తెలిసిన కారణమేదీ లేని భాషా లోపం సుమారు 7.6 శాతం మందిలో ఉంది. ముప్పై మంది తరగతిలో ఇద్దరన్నమాట.

ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లలని బడి భాషలోనే పరీక్షించి డీఎల్‌డీ అనెయ్యకండి. ఇంటి భాషలో వయసుకి తగ్గట్టు మాట్లాడుతూ, అర్థం చేసుకుంటూ ఉంటే అది లోపం కాదు, కొత్త భాష ఇంకా అబ్బలేదంతే. రెండు భాషల్లోనూ వెనకబడి ఉంటే మాత్రం ఆగకుండా స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపండి.