క్లీవ్‌లాండ్ వ్లాగ్: 3 సెంట్ల టికెట్ కోసం కొట్లాడిన మేయర్

హాయ్ అండీ అందరికీ, ఈరోజు క్లీవ్‌లాండ్ డౌన్‌టౌన్‌లో పబ్లిక్ స్క్వేర్‌కి వచ్చాం. మన తెలుగువాళ్ళకి ఈ ఊరంటే త్యాగరాజ ఆరాధనే కదా, నాక్కూడా ముందు అలాగే తెలుసు, కానీ ఇక్కడికొచ్చిన ప్రతిసారీ నేను ఈ విగ్రహం దగ్గర కాసేపు ఆగుతాను. ఇదిగో చూడండి, కుర్చీలో కూర్చుని చేతిలో పుస్తకం పట్టుకున్నాడే, ఆయనే టామ్ జాన్సన్, 1901 నుంచి 1909 దాకా ఈ ఊరి మేయర్. జనం చందాలేసుకుని పెట్టించుకున్న విగ్రహం ఇది.

అసలు ఈయన పుట్టుకతో ప్రజల మనిషేం కాదండీ. 1854లో కెంటకీలో పుట్టాడు, అమెరికా అంతర్యుద్ధంతో (సివిల్ వార్) ఇంట్లో డబ్బంతా పోయింది. పదకొండేళ్ళప్పుడు వర్జీనియాలో ఒక రైల్ కండక్టర్‌తో స్నేహం చేసుకున్నాడు, ఆ కండక్టర్ ఊళ్ళోకి పేపర్లు ఈ పిల్లాడికి తప్ప ఇంకెవరికీ తెచ్చిపెట్టేవాడు కాదు, ఇంకేముంది, చెప్పిందే రేటు, 5 వారాల్లో 88 డాలర్లు! పోటీ లేకపోతే డబ్బు ఎలా వస్తుందో అంత చిన్న వయసులోనే తెలిసిపోయింది. తర్వాత లూయీవిల్‌లో స్ట్రీట్ కార్ కంపెనీలో, అంటే ట్రామ్‌ల కంపెనీలో చేరి, ప్యాసింజర్లు చిల్లర వేసే ఫేర్ బాక్స్ ఒకటి కనిపెట్టి, ఆ డబ్బుతో ఇండియానాపోలిస్‌లో, ఇక్కడ క్లీవ్‌లాండ్‌లో ట్రామ్ లైన్లు కొని, ఉక్కు పట్టాల ఫ్యాక్టరీ కూడా పెట్టి కోటీశ్వరుడైపోయాడు.

మరి మారిందెక్కడ అంటే, ట్రైన్‌లో కొన్న ఒక పుస్తకం దగ్గర. హెన్రీ జార్జ్ రాసింది. ఊరు పెరిగితే భూమి విలువ పెరుగుతుంది, ఆ పెరిగింది ఊరిదే కానీ యజమానిది కాదు అంటాడాయన. జాన్సన్ అది చదివి, ఆయనదే ఇంకో పుస్తకం కొని, ఇందులో తప్పెక్కడుందో చూపించు అని తన లాయర్‌కిచ్చాడట, లాయర్ చూపించలేకపోయాడు. కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి వెళ్ళాక, తనదే ఉక్కు పట్టాల వ్యాపారమైనా సరే, బయటి నుంచి వచ్చే పట్టాల మీద సుంకం తీసెయ్యమని వాదించాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. విగ్రహం చేతిలో ఉన్నది కూడా హెన్రీ జార్జ్ పుస్తకమే.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు చూడండి, మేయర్ అయ్యాక ట్రామ్ కంపెనీలకి ఈయన అలా తయారయ్యాడు. రోడ్లేమో ఊరివి, వాటి మీద పట్టాలేసుకునే పర్మిషన్ ఇచ్చేది సిటీ, లాభం మాత్రం కంపెనీది, టికెట్ 5 సెంట్లు. 3 సెంట్లకే నడపొచ్చు అని ఈయన అంటే కాదనడానికి వాళ్ళకి నోరెలా వస్తుంది, ఆ లెక్కలన్నీ ఈయన చేసినవే కదా! అందుకే కోర్టుకి పోయి స్టే మీద స్టే తెచ్చారు. ఏళ్ళ తరబడి సాగింది. సర్కస్ టెంట్ వేసి మీటింగులు పెట్టేవాడు, ఎవరైనా లేచి ప్రశ్న అడగొచ్చు, ఎదుటి పార్టీవాళ్ళు కూడా.

నాకు బాగా నచ్చింది ట్యాక్స్ స్కూల్. పీటర్ విట్ అనే ఆయన నడిపేవాడు. మీ వార్డు మ్యాప్ గోడకి తగిలించి, ఏ స్థలానికి ఎంత విలువ కట్టారో రాసి చూపిస్తే, చిన్న ఇంటివాడి మీద ఎంత పన్ను పడుతోంది, రైల్వే కంపెనీల భూములకి ఎంత తక్కువ కట్టారు అన్నది జనం వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూసుకునేవారు. పార్కుల్లో గడ్డి తొక్కరాదు అనే బోర్డులు కూడా జాన్సన్ పీకించేశాడు, పిల్లలు ఆడుకోవడానికే కదా పార్కులు.

1908లో ట్రామ్‌లన్నీ లీజు మీద ఒక కొత్త సంస్థ చేతికొచ్చాయి, ఊరంతా 3 సెంట్లే. కానీ వెంటనే కార్మికుల సమ్మె, ఖర్చులు, ఆ అక్టోబర్‌లో ఈ ఏర్పాటు మీద జనం ఓటింగ్ పెడితే చాలా తక్కువ తేడాతో ఓడిపోయాడు. 1909లో మేయర్ ఎన్నికా పోయింది. అప్పటికే ఆరోగ్యం, ఆస్తి రెండూ కరిగిపోయాయి, 1911లో చనిపోయాడు.

కరెంట్ మాత్రం నిలబడిందండీ. సిటీకి సొంత పవర్ ప్లాంట్ ఉండాలని ఈయన పట్టుబట్టాడు, ఈయన దగ్గర సిటీ లాయర్‌గా చేసిన న్యూటన్ బేకర్ మేయర్ అయ్యాక 1914లో పెద్ద ప్లాంట్ మొదలైంది, యూనిట్ 3 సెంట్లు. 1978లో బ్యాంకులు దాన్ని అమ్మెయ్యమని ఒత్తిడి పెడితే మేయర్ కుసినిచ్ ఒప్పుకోలేదు, సిటీ అప్పులు కట్టలేక డిఫాల్ట్ అయినా సరే అమ్మలేదు, తర్వాతి ఏడాది జనం కూడా అమ్మొద్దనే ఓటేశారు. ఇప్పుడు క్లీవ్‌లాండ్ పబ్లిక్ పవర్ అంటారే, అదే ఇది.

సరే, ఇక్కడి నుంచి నడుచుకుంటూ మాల్ వైపు (షాపింగ్ మాల్ కాదండీ, ఊరి మధ్యలో పెద్ద పచ్చిక మైదానం) వెళ్దాం, 1903లో ఈయన టైంలోనే ఆర్కిటెక్ట్ డేనియల్ బర్నమ్ వాళ్ళు వేసిన ప్లాన్ అది, కోర్టు, సిటీ హాల్, లైబ్రరీ అన్నీ దాని చుట్టూనే ఉంటాయి, రండి చూపిస్తా.