కాలిఫోర్నియా రియల్ ఎస్టేట్ లైసెన్స్ రెన్యువల్: ఆఖరి రాత్రి కూర్చుంటే కుదరదు

(తెరపై: క్యాలెండర్, ఒక తేదీ చుట్టూ ఎర్ర గీత)

నమస్తే. కాలిఫోర్నియాలో రియల్ ఎస్టేట్ సేల్స్‌పర్సన్ లైసెన్స్ (ఒక బ్రోకర్ కింద ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్లు చేసిపెట్టే ఏజెంట్ లైసెన్స్) ఉన్నవాళ్లు ముందు మీ గడువు తేదీ ఎప్పుడో చూసుకోండి. లైసెన్స్ నాలుగేళ్లకిస్తారు. ఆ తేదీ మర్చిపోవడానికి నాలుగేళ్లు చాలు.

రెన్యువల్ అనగానే మళ్లీ స్టేట్ పరీక్ష రాయాలేమోనని కొందరికి టెన్షన్. అక్కర్లేదు. గడువుకు 90 రోజుల ముందు నుంచి డిపార్ట్‌మెంట్ ఆఫ్ రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్లోనే దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టేయొచ్చు. అదేం పెద్ద పని కాదు. కష్టమంతా దానికి ముందే ఉంది: 45 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, అంటే లైసెన్స్ ఉన్నవాళ్లు రెన్యువల్ కోసం పూర్తి చేయాల్సిన కోర్సులు.

(తెరపై: 15 + 15 + 15)

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆన్‌లైన్ కోర్సే కదా, ఒక్క రాత్రి కూర్చుంటే అయిపోతుందనుకుంటారు. కానీ ఏ 24 గంటల్లోనైనా 15 గంటల కోర్సులకు మించి ఫైనల్ పరీక్షలు రాయనివ్వరు. అంటే ఎంత చురుకైనవాళ్లకైనా మూడు విడతలు తప్పవు. పాసవడానికి 70 శాతం రావాలి. తప్పితే ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ పోతే ఆ కోర్సు మళ్లీ మొదటి నుంచే. గడువు ముందు రోజు ఇలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మొదటిసారి రెన్యువల్ అయితే ఎథిక్స్, ఏజెన్సీ (క్లయింట్ తరఫున పనిచేసేటప్పటి బాధ్యతలు), ట్రస్ట్ ఫండ్ హ్యాండ్లింగ్ (క్లయింట్ల డబ్బు చూసుకోవడం), రిస్క్ మేనేజ్‌మెంట్, ఫెయిర్ హౌసింగ్ (ఇళ్ల విషయంలో వివక్ష చూపకూడదనే నియమాలు) మూడేసి గంటలు, ఇంప్లిసిట్ బయాస్ (మనకే తెలియకుండా మనలో ఉండే పక్షపాతం) రెండు గంటలు. మిగతా వాటిలో కనీసం 18 గంటలు కన్స్యూమర్ ప్రొటెక్షన్ (వినియోగదారుల రక్షణ) కోర్సులు ఉండాలి. ఫెయిర్ హౌసింగ్‌లో ఇప్పుడు కాసేపు కస్టమర్‌గా, కాసేపు ఏజెంట్‌గా పాత్ర వేయాలి. నాకైతే మొత్తం 45 గంటల్లో పనికొచ్చే భాగం అదే అనిపిస్తుంది. రెండోసారి నుంచి ఈ తప్పనిసరి సబ్జెక్టులన్నీ కలిపి తొమ్మిది గంటల సర్వే కోర్సు తీసుకోవచ్చు, కానీ మొత్తం మాత్రం 45 గంటలే.

(తెరపై: "గడువు ముగిసింది")

తేదీ దాటిపోతే? రెండేళ్ల దాకా రెన్యువల్ చేసుకోవచ్చు, ఫీజు ఒకటిన్నర రెట్లు. దీన్ని గ్రేస్ పీరియడ్ అంటుంటారు, ఆ పేరే మోసం. ఆ రెండేళ్లూ పని చేయొచ్చని కాదు. లైసెన్స్ మళ్లీ చేతికొచ్చేదాకా ఇల్లు చూపించడం, ఆఫర్ రాయడం, బేరం మాట్లాడటం ఏదీ కుదరదు. ఆ రోజుల్లో చేసిన పనికి కమిషనూ రాదు. ఎక్కువ ఫీజు కంటే అసలు నష్టం ఇదే. రెండేళ్లూ దాటితే ఇక స్టేట్ పరీక్ష మళ్లీ రాయాల్సిందే.

ఇప్పుడు మీకు బ్రోకర్ లేకపోయినా రెన్యువల్ ఆగదు. రికార్డులో "బ్రోకర్ అనుబంధం లేదు" అన్నట్టుగా చూపిస్తారు. ఎవరి దగ్గరైనా చేరేదాకా డీల్స్ మాత్రం చేయకూడదు.

అన్నట్టు, వయసు 70 నిండి, 30 ఏళ్లుగా మచ్చలేని లైసెన్స్ ఉన్నవాళ్లకు ఈ 45 గంటలూ మాఫీ. అది దానంతటదే రాదు, అడిగి తీసుకోవాలి. ఫీజు మాత్రం వాళ్లకూ తప్పదు.