మందు పెట్టెల మీద గీసిన చిత్రాలు: ఇబ్రాహీం ఎల్-సలాహీ ‘పెయిన్ రిలీఫ్’ రివ్యూ

ప్రేక్షకులకు నమస్కారం. సూడాన్ చిత్రకారుడు ఇబ్రాహీం ఎల్-సలాహీ 2016 నుంచి గీస్తూ వచ్చిన ‘పెయిన్ రిలీఫ్’ చిత్రాలను ఈ రోజు పరిశీలిద్దాం. వెన్నునొప్పితోనూ సయాటికాతోనూ (నడుము నుంచి కాలిలోకి పాకే నరాల నొప్పి) బాధపడుతున్న ఆ వృద్ధ కళాకారుడు తాను వాడిన మాత్రల అట్టపెట్టెలను విప్పి, వాటి లోపలి వైపున నల్ల పెన్నుతో ఈ బొమ్మలు గీశారు.

ఒక అట్టను దగ్గరగా చూడండి. పెట్టె మూతలు, మడతల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ అంచుల మధ్య సన్నని గీతలు ఒకదాని మీదుగా ఒకటి అల్లుకుంటూ పోయి, ఎక్కడ చిక్కబడితే అక్కడ నీడగా, ఎక్కడ పలచబడితే అక్కడ ముఖంగా మారుతున్నాయి. జపమాల తిప్పుతూ దైవనామాన్ని స్మరించే సూఫీల జిక్ర్ లాగా, ఇక్కడ చేయి ఒకే కదలికను ఓపికగా మళ్లీ మళ్లీ చేస్తూ పోయింది.

ఈ అలవాటుకు మూలం ఆయన బాల్యంలోనే ఉందని నా నమ్మకం. 1930లో సూడాన్ నగరం ఓందుర్మాన్‌లో పుట్టిన ఎల్-సలాహీ, తండ్రి ఇంట్లోనే నడిపిన ఖురాన్ పాఠశాలలో చెక్క పలక మీద అక్షరాలు దిద్దారు, పలకకు నగిషీలు దిద్దడం కూడా అక్కడే నేర్చారు. సూడాన్ పల్లెల్లో ఫకీ అని పిలిచే మతగురువులు అలాంటి పలక మీదే మసి, బంక కలిపిన సిరాతో ఖురాన్ వాక్యం రాసి, దాన్ని నీళ్లతో కడిగి, ఆ నీటిని రోగికి తాగించే సంప్రదాయం ఉంది. రాత ఒంట్లోకి దిగి నొప్పి తీరుస్తుందని నమ్మే సమాజంలో పెరిగిన మనిషి, మాత్ర ఖాళీ చేసిన అట్ట మీదే గీత గీయడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

లండన్‌లోని స్లేడ్ కళాశాలలో 1954 నుంచి 1957 వరకు చదివి తిరిగి వచ్చాక, తన చిత్రాలు సొంత జనానికే పట్టకపోవడంతో, ఆయన అరబ్బీ అక్షరాలను విడగొట్టి వాటిలోంచి రూపాలను వెలికి తీశారు. 1975లో విచారణ లేకుండా ఆరు నెలలు ఖార్తూమ్‌లోని కోబర్ జైలులో ఉన్నప్పుడు, దొరికిన చిన్న కాగితం ముక్కల మీద రహస్యంగా గీసి ఇసుకలో పాతిపెట్టేవారు. విడుదలయ్యాక తొమ్మిది భాగాలుగా కూర్చిన ‘ది ఇనెవిటబుల్’ చిత్రం కూడా ఆ చిన్న ముక్కల పద్ధతి నుంచే పెరిగింది.

నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఈ అట్టల్లో కొన్నింటిని సిల్క్‌స్క్రీన్ (సన్నని వల తెర గుండా రంగు దింపే ముద్రణ) ద్వారా పెద్ద కాన్వాసులుగా కూడా చేశారు. అవి దూరం నుంచి గంభీరంగానే కనిపిస్తాయి గానీ, అరచేతిలో పట్టే అట్ట మీద పెన్ను ఒత్తిడిలో తెలిసే మనిషి ఉనికి వాటిలో పలచబడిపోయింది. అందుకే ఈ శ్రేణిని చూడదలచినవారు అసలు అట్టలతోనే మొదలుపెట్టి, మడతల దగ్గర గీత ఎలా ఆగి ముందుకు సాగిందో గమనించండి.