ఏ జర్నల్ చదవాలి మాస్టారూ?

వేదిక మీది పెద్దలకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. అధ్యక్షులు పది నిమిషాలే ఇచ్చారు. దాటితే చీటీ పంపండి, జేబులో పెట్టుకుంటాను.

మనసు ఎలా పనిచేస్తుందో చూసే కాగ్నిటివ్ సైన్స్‌లో, ఫిలాసఫీలో ఏ జర్నల్స్, అంటే పరిశోధన పత్రికలు, చదవాలని పీజీ పిల్లలు అడుగుతుంటారు. లిస్టు రాసుకొచ్చాను. దానికంటే ముందు నా పరువు పోయిన సంగతి చెప్పాలి.

పదకొండేళ్ల కిందట ప్రమోషన్‌కి ఒక పేపరు తక్కువైంది. అంతలో మెయిలొచ్చింది. 'ఇంటర్నేషనల్' జర్నలట, ఫీజు 4,500. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని పంపాను. రెండో రోజుకే ఓకే! ఒక్క కామా మార్చలేదు. మురిసిపోయి ఎడిటోరియల్ బోర్డు చూద్దును కదా, మా గురువుగారి పేరు. ఫోన్ చేశాను. "నా పేరక్కడుందా? ఎవరు పెట్టార్రా?" అన్నారాయన.

అప్పట్నించి పత్రిక పేరు కాదు, నడిపే మనుషుల్ని చూస్తున్నాను. మెదడు స్కాన్ల మీద పరిశోధనలు వేసే 'న్యూరోఇమేజ్' ఎంత పెద్ద పేరు! పేపరుకి పబ్లిషరు 3,450 డాలర్లు గుంజడం అన్యాయమని 2023లో ఎడిటర్లు నలభై మందికి పైగా రాజీనామా చేసి, 'ఇమేజింగ్ న్యూరోసైన్స్' అని సొంత పత్రిక పెట్టుకున్నారు. పేరు అక్కడే ఉండిపోయింది, మనుషులు వెళ్లిపోయారు. మీరైతే ఎవరి వెంట వెళ్తారు? చెప్పండి బాబూ, మొహమాటం దేనికి?

శాఖ పేరు కూడా నమ్మకండి. యంత్రాలు ఆలోచిస్తాయా అన్న కంప్యూటర్ల ఆద్యుడు ట్యూరింగ్ వ్యాసం 1950లో వచ్చింది 'మైండ్'లో. అది ఫిలాసఫీ పత్రిక, 1876 నాటిది. లావు చూసి కూడా మోసపోకండి. 1963లో 'అనాలిసిస్' అనే పత్రిక వేసిన తత్వవేత్త గెటియర్ వ్యాసం మూడంటే మూడు పేజీలు. జ్ఞానమంటే ఏమిటన్న చర్చ దాన్ని దాటుకుని పోలేకపోయింది.

లిస్టు పక్కన పెట్టేస్తున్నాను. ఒక్కదాని గురించే చెబుతాను, 'బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్'. ఇందులో వ్యాసం వెనకే దాని మీద పాతిక మంది విమర్శలు, చివర రచయిత జవాబు. 1980లో తత్వవేత్త సర్ల్ 'చైనీస్ గది' అలాగే వచ్చింది. గదిలో చైనీస్ రాని మనిషి రూల్‌బుక్ చూసి జవాబులు బయటికి పంపుతాడు, బయటివాళ్లు ఇతనికి చైనీస్ వచ్చనుకుంటారు. కంప్యూటర్‌దీ అదే కథ, రూల్స్ పాటిస్తుందే గానీ అర్థం తెలియదంటాడు సర్ల్. అతనికి రాకపోతేనేం, గది మొత్తానికి వచ్చు కదా అని కొందరు. రూల్‌బుక్ అంతా బట్టీపట్టి ఆరుబయట కూర్చున్నా వాడికి చైనీస్ రాదే అని సర్ల్. మన అరుగుల మీద తగువులాగే ఉంటుంది, కాకపోతే అందరూ ఎదుటివాడిది చదివొచ్చారు.

చీటీ వచ్చింది. ఒక్క మాట. 2025 నుంచి ప్రభుత్వ కాలేజీలకు, కేంద్రమే చందా కట్టి జర్నల్స్ చదవనిచ్చే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' ఉంది. మీలో లాగిన్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరేనా? ప్రిన్సిపాల్ గారూ, వింటున్నారా?

సర్ల్ వ్యాసం మూడు ప్రతులు ఈ బల్ల మీద పెడుతున్నాను. వ్యాసం మాత్రం చింపుకుని విమర్శలు వదిలేసేవారుంటారని పిన్నులు గట్టిగా కొట్టాను.