క్లాసికల్ క్రిస్టియన్ కరికులం: ఏడాది నడిపాక నా రివ్యూ

వందనాలు అండి అందరికీ. పోయిన జూన్‌లో మా పిల్లలిద్దరికీ ఇంట్లోనే క్లాసికల్ క్రిస్టియన్ కరికులం మొదలుపెట్టా అని చెప్పాను కదా, బాబుకి ఆరు, పాపకి ఎనిమిది, ఏడాదైంది ఎలా ఉందో చెప్పమని అడుగుతూనే ఉన్నారు, అందుకే ఈ వీడియో. వెనకాల కుక్కర్ విజిల్ వస్తే పట్టించుకోకండి.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. 1947లో డొరొతీ సేయర్స్ అనే ఇంగ్లీష్ రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ, గ్రామర్, లాజిక్, రెటరిక్ (అంటే చక్కగా మాట్లాడే కళ) అనే పాతకాలం చదువు మూడు మెట్లని పిల్లల వయసుకి ముడిపెట్టింది, ఈ కరికులం దాని మీదే నడుస్తది. చిన్నపిల్లల మెట్టుకి ఆవిడ పెట్టిన పేరేంటో తెలుసా, చిలక! ఈ వయసులో పాడుకుంటూ కంఠతా పట్టడం వాళ్ళకి ఆట, దాన్నే వాడుకోండి అని. మనమేమో చిలకపలుకులు అని తిడతాం. మా అమ్మమ్మ ఎక్కాలు, వేమన పద్యాలు, సండేస్కూల్ కంఠత వాక్యాలు మాతో చెప్పించింది ఇదే కదా, పైసా ఖర్చు లేకుండా!

సరే, బాగా నచ్చింది హిస్టరీ. నాలుగేళ్ళ చుట్టు అది, మొదటేడు ప్రాచీన కాలం, నాలుగో ఏటికి మన కాలం. నిర్గమకాండం చదువుతుంటే పక్కనే ఈజిప్టు పాఠం నడుస్తది. మనకి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజం ఈజిప్టు మమ్మీ ఉంది కదా, తీసుకెళ్ళా. మావాడు అద్దానికి ముక్కు ఆనించి "ఈమె మోషేని చూసిందా?" అన్నాడు. లేదురా, ఈమె చాలా తర్వాత అన్నా, ఇక ఇంటికొచ్చి గోడమీద టైమ్‌లైన్‌లో ఆమెని ఎక్కడ అంటించాలా అని గంటసేపు గొడవ. అది నేను ప్లాన్‌లో రాసుకున్న పాఠం కాదు, ఏడాది మొత్తంలో అదే బెస్ట్ పాఠం.

కానీ నేను తెప్పించుకున్న పుస్తకాల్లో మన దేశం మరీ పల్చగా ఉంది, శాతవాహనుల్ని నేనే కలిపా. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి, ఐటీ కొండాపూర్ కాదండోయ్. సువార్తల్లో కైసరు నాణెం కథ చదివిన వారమే ఇది చెప్పా, పాప కళ్ళు ఇంతయ్యాయి.

లాటిన్... అబ్బా. ఇంట్లో ఇంగ్లీషు, తెలుగు, పక్కింట్లో హిందీ, దాని మీద లాటిన్ ఎక్కిస్తే దసరాకల్లా ఏడుపులు, మానేశాం. పెద్దయ్యాక చూద్దాం. ఆ పావుగంటలో ఇప్పుడు పాతకాలం తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు, ఒక పద్యం. ఆ తెలుగు కూడా కష్టమే, కానీ చర్చిలో పెద్దలు అదే పాట ఎత్తుకుంటే వీళ్ళు గొంతు కలుపుతున్నారు.

వెస్ట్‌మినిస్టర్ షార్టర్ క్యాటకిజం, అంటే విశ్వాసం గురించిన ప్రశ్నలు-జవాబుల పుస్తకం, అందులో 107 ప్రశ్నలు, వారానికొకటి చాలు, నేను మూడేసి పెట్టి దెబ్బతిన్నా. రోజుకి రెండున్నర గంటలకి మించి పాఠాలు ప్లాన్‌లో రాసుకోకండి. చదివాక ప్రశ్నపత్రం వద్దు, "ఏమైంది చెప్పు" అనండి, వాళ్ళ మాటల్లో చెప్పనివ్వండి. సర్టిఫికెట్ అడిగినవాళ్ళకి, ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ వాళ్ళ ఓబీఈలో (చిన్న క్లాసుల కోర్సు) లెవెల్ ఏ అంటే మూడో క్లాసుకి సమానం, మేం ఆ దారే అనుకుంటున్నాం.

ఆ, లాటిన్ పుస్తకం ఎవరికైనా కావాలంటే కామెంట్ పెట్టండి, కొత్తదే, పన్నెండు పేజీలే వాడాం.