నెదర్లాండ్స్‌లో పడవ సెలవు: ఆమ్‌స్టర్‌డామ్ కాదు, ఫ్రీస్‌లాండ్ వెళ్లండి

నమస్తే అండీ. నెదర్లాండ్స్‌లో ఒక పడవ అద్దెకు తీసుకుని, దాన్ని మనమే నడుపుకుంటూ, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని కాలవల వెంట ఊళ్లు తిరిగే సెలవు గురించి ఈ వీడియో. సగం రివ్యూ, సగం ప్లానింగ్. తీర్పు ముందే చెప్పేస్తాను, తొందర్లో ఉన్నవాళ్లు విని వెళ్లిపోవచ్చు. వెళ్లండి, పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. కానీ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కి లైడెన్, గౌడా, ఉట్రెక్ట్, గీథోర్న్ అన్నీ వారంలో చుట్టేసే ప్లాన్ మీ ఎక్సెల్ షీట్‌లో ఉంటే దాన్ని డిలీట్ చేయండి. మొదటిసారి చుక్కాని పట్టేవాళ్లకి ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ చాలు. అది కూడా మొత్తం కాదు, నైరుతి మూల ఒక్కటి చాలు.

అందరూ అడిగే ప్రశ్న లైసెన్స్. పొడవు 15 మీటర్ల లోపు ఉండి, గంటకి 20 కిలోమీటర్లు దాటని పడవకి అక్కడ లైసెన్స్ అక్కర్లేదు. అద్దెకిచ్చే కుటుంబ పడవలు దాదాపు అన్నీ ఈ లెక్కలోనే ఉంటాయి. అద్దెకిచ్చేవాళ్లు ఒకసారి మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి, ఇంజిన్, గ్యాస్, తాళ్లు చూపించి తాళం చేతికిస్తారు. అంతే, మీరే సరంగు. మందు విషయంలో మాత్రం కారు నడిపేవాళ్లకి ఉన్న పరిమితే పడవకీ ఉంటుంది. కాబట్టి గ్లాసు సంగతి పడవ కట్టేశాకే.

ఇప్పుడు అసలు విషయం, వేగం. ఊళ్లలో, ఇరుకు కాలవల్లో గంటకి 6 కిలోమీటర్లు. కాస్త వెడల్పైన చోట 9, పెద్ద కాలవల్లో 12.5. రోజుకి నాలుగు గంటలు నడిపితే 25, 30 కిలోమీటర్లు వెళ్తారు. గూగుల్ మ్యాప్స్‌లో కారు దూరం చూసి, "ఆమ్‌స్టర్‌డామ్ నుంచి గీథోర్న్ గంటన్నరే కదా" అనుకుంటే అంతే సంగతులు. నీళ్ల మీద అది రోజుల ప్రయాణం. పైగా మధ్యలో పెద్ద నీరు దాటాలి. చాలా అద్దె సంస్థలు తమ పడవల్ని అటు తీసుకెళ్లనివ్వవు కూడా. ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్ వెనకున్న నీటిలోకి వెళ్తే సరుకు పడవలు, ఫెర్రీలు, టూరిస్టు బోట్లు నాలుగు వైపుల నుంచి వస్తుంటాయి. కొత్తవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్ చూడాలంటే సెలవు చివర్లో రైల్లో వెళ్లి హాయిగా చూడండి.

వేగం కంటే పెద్ద చిక్కు వంతెనలు. ఈ సెలవుని కిలోమీటర్లలో కాదు, వంతెనల్లో ప్లాన్ చేయాలి. బుక్ చేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని బెడ్‌రూములు" కాదు, "నీటి మీద పడవ ఎత్తెంత" అని. పైన గుడారంలాంటి కప్పు వేసి ఉంటే ఎంత, మడిచేస్తే ఎంత, రెండూ రాసుకోండి. నీటి మ్యాపులో ప్రతి వంతెన పక్కన ఎత్తు డెసిమీటర్లలో ఉంటుంది. 'బీబీ' అని ఉంటే తెరుచుకునే వంతెన, 'బీవీ' అని ఉంటే కదలనిది. 'బీవీ' పక్కన 24 అని ఉండి, మీ పడవ రెండున్నర మీటర్లుంటే ఆ దారి మీకు లేదు, అంతే. వెనక్కి తిరగాలి. ఇరుకు కాలవలో పది మీటర్ల పడవని వెనక్కి తిప్పడం, గట్టు మీద కాఫీ తాగేవాళ్లందరికీ ఉచిత వినోదం.

తెరుచుకునే వంతెనలకి లైట్లుంటాయి. ఎరుపు అంటే ఆగాలి. ఎరుపు, పచ్చ కలిసి వెలిగితే తెరవబోతున్నారు, సిద్ధంగా ఉండండి. పచ్చ పడ్డాకే కదలాలి. రెండు ఎరుపులు ఒకదాని మీద ఒకటి వెలిగితే ఇక తెరవరు, పడవ కట్టేసి టీ పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం వేళ కొన్ని వంతెనలు తెరవరు, సాయంత్రం ఆఫీసుల ట్రాఫిక్ వేళ మరికొన్ని తెరవరు. ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో వేళలు ఇంకా తగ్గిపోతాయి. ఇవన్నీ వాటర్ మ్యాప్ యాప్‌లో ఉంటాయి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చూసుకుంటే మర్నాడు టెన్షన్ ఉండదు.

ఈ క్లిప్ చూడండి. ముందు గంట మోగుతోంది, రోడ్డు మీద గేట్లు పడ్డాయి, సైకిళ్లు ఆగిపోయాయి. వంతెన నడుం దగ్గర విరిగినట్టు పైకి లేస్తోంది. ఇప్పుడు కుడి వైపు చూడండి, వంతెన తెరిచే ఆయన చేతిలో గాలం కర్ర. దారం చివర చేపల ఎర కాదు, చెక్క చెప్పు. అది ఊగుతూ సరిగ్గా మన పక్కకి వస్తుంది. పడవ ఆపకుండా అందులో రెండు మూడు యూరోల చిల్లర వేయాలి. వంతెన రుసుం అది. ఇప్పుడు చాలాచోట్ల ఇది తీసేశారు, కార్డులు, యాప్‌లు వచ్చేశాయి. కానీ కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. అందుకే చిల్లర నాణేలు చుక్కాని పక్కనే ఒక గ్లాసులో పెట్టుకోండి. చుక్కాని పట్టినవాళ్లు జేబులు తడుముకుంటే పడవ వంతెన గోడకి తగులుతుంది.

ఫ్రీస్‌లాండే ఎందుకంటే, అక్కడ సరస్సులు, కాలవలు చాలావరకు ఒకే నీటి మట్టంలో ఉంటాయి. సముద్ర మట్టం లెక్కలో అర మీటరు కిందికి, ఏడాది పొడవునా అక్కడే నిలబెడతారు. అందుకే ఊరి నుంచి ఊరికి వెళ్లడానికి లాకులు దాదాపు తగలవు. లాకులంటే ఏంటో గోదావరి జిల్లాలవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గేట్లు మూసి, నీళ్లు నింపి, తాళ్లు పట్టుకుని నిలబడే పని. కొత్తవాళ్లకి ఆ పని తప్పడమే సగం హాయి. ఆ మట్టం నిలబెట్టేవాటిలో ఒకటి లెమ్మర్ ఊరి పక్కనే ఉంది, వౌడా పంపింగ్ స్టేషన్. 1920లో కట్టారు. ఆవిరితో నడిచే ఇలాంటి కేంద్రాల్లో ఇప్పటికీ పని చేస్తున్న అతి పెద్దది ఇదే. 1998లో యునెస్కో జాబితాకెక్కింది. వానలు మరీ ఎక్కువైనప్పుడు ఇప్పటికీ బాయిలర్లు వెలిగిస్తారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు మీ గుంపులో ఉంటే అక్కడి నుంచి కదలరు, ముందే చెప్తున్నా.

నేను చెప్పే దారి ఇది. స్నేక్ అనే ఊళ్లో పడవ తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం నుంచి లేవార్డెన్‌కి రైలు, అక్కడ మారి స్నేక్‌కి చిన్న రైలు. ఊళ్లోకి నీటి మీద వచ్చేవాళ్ల కోసం 1613లో కట్టిన రెండు బురుజుల ద్వారం ఇంకా నిలబడి ఉంది, ఫొటో అక్కడ తీసుకోండి. తర్వాత ఐల్స్ట్, హేఖ్, వౌడ్‌సెండ్, స్లోటెన్, లెమ్మర్, తిరిగి లాంగ్‌వేర్ మీదుగా స్నేక్. మ్యాపులో చూస్తే అరచేయంత ఉంటుంది. వారానికి అదే సరిగ్గా సరిపోతుంది, గాలి ఎక్కువై ఒక రోజు కదలలేకపోయినా సరే.

ఐల్స్ట్ నాకు అన్నిటికంటే నచ్చిన ఊరు. ఇల్లు ఒక పక్క, మధ్యలో వీధి, వీధికి అవతల నీటి అంచున ఆ ఇంటి తోట. మన పడవ వెళ్తుంటే తోటలో కూర్చున్నవాళ్లు చేయి ఊపుతారు, మనమూ ఊపాలి, లేకపోతే బాగోదు. అక్కడ గాలిమరతో దుంగలు కోసే మిల్లు ఇప్పటికీ ఉంది. మన దారిలోని స్నేక్, ఐల్స్ట్, స్లోటెన్‌లని కలిపే ఇంకో సంగతి, 11 పట్టణాల స్కేటింగ్ పందెం. చలికాలంలో కాలవలు గడ్డకడితే వాటి మీద సుమారు 200 కిలోమీటర్లు. దారి పొడవునా మంచు కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉంటేనే పెడతారు. చివరిసారి జరిగింది 1997 జనవరిలో. అప్పటి నుంచి ప్రతి చలికాలం ఎదురుచూస్తూనే ఉన్నారు. స్లోటెన్ ఆ పదకొండింటిలో చిన్నది, నడిచి చూస్తే అరగంట. కానీ సాయంత్రం డే టూరిస్టులు వెళ్లిపోయాక నడవండి.

రాత్రి ఎక్కడ ఆగాలి? ఊరి రేవుల్లో పడవ పొడవుని బట్టి మీటరుకి ఇంత అని కట్టాలి, పైన టూరిస్టు పన్ను. కరెంటు, స్నానాల గది ఉంటాయి. లేదంటే పొలాల మధ్య, సరస్సు మధ్య లంకల్లో మార్రెక్రీతె సంస్థ పెట్టిన చెక్క రేవులున్నాయి. ఉచితం, ఒకచోట మూడు రోజుల దాకా ఉండొచ్చు. కరెంటు లేదు, కొళాయి లేదు, పక్కింటి టీవీ చప్పుడు కూడా లేదు. నా సలహా, రెండు రాత్రులు ఇలా, ఒక రాత్రి ఊళ్లో. ఫోన్ల చార్జింగుకీ, పిల్లల ఐస్‌క్రీముకీ సరిపోతుంది.

పడవ కట్టడం గురించి ఒక్క మాట. గాలికి ఎదురుగా, మెల్లగా రండి. గాలి వెనక నుంచి ఉంటే పడవ మీ మాట వినదు. ముందు మధ్య తాడు వేసి బిగించండి, తర్వాత ముందుది, వెనకది. ఒడ్డుకీ పడవకీ మధ్య కాలు గానీ చెయ్యి గానీ ఎవరూ పెట్టకూడదు. కొన్ని టన్నుల ఇనుము అది, చేత్తో ఆపేది కాదు. బో థ్రస్టర్ ఉన్న పడవే తీసుకోండి. ముందు భాగాన్ని పక్కకి నెట్టే చిన్న మోటారు. దానికి కాస్త ఎక్కువ కట్టినా భార్యాభర్తల మధ్య శాంతి మిగులుతుంది.

మైనస్‌లు కూడా చెప్పాలి. ఒకటి, గాలి. సరస్సులు లోతు తక్కువ, గాలి లేస్తే పొట్టి అలలు గట్టిగా కొడతాయి. బాగా గాలి ఉన్న రోజు బయటికి వెళ్లొద్దని అద్దెకిచ్చేవాళ్లే మెసేజ్ పెడతారు, వాళ్ల మాట వినండి. రెండు, లెమ్మర్ వైపు ప్రిన్సెస్ మార్గ్రీట్ కాలవలో వెళ్లే పెద్ద సరుకు పడవలు. వాటి ముందు 350 మీటర్ల దాకా సరంగుకి కనబడకపోవచ్చు. కుడి గట్టు పట్టుకుని వెళ్లండి, ఎదురెళ్లి దాటే సాహసాలు వద్దు. మూడు, టాయిలెట్. ట్యాంకు నిండితే రేవులో పంపు దగ్గర ఖాళీ చేయించుకోవాలి, 2009 నుంచి నీళ్లలోకి వదలడం నేరం. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు, వంతులు వేసుకోండి.

వంటకి రెండు బర్నర్ల గ్యాస్ ఉంటుంది. సూపర్ మార్కెట్లు చాలా రేవులకి నడక దూరమే, పెరుగు, కూరగాయలు, గుడ్లు సులువు. సోనా మసూరి, కందిపప్పు, ఆవకాయ మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టల్‌వేన్ లాంటి చోట మనవాళ్ల దుకాణంలో కొని ఎక్కండి. పోపు పెట్టేటప్పుడు కిటికీలన్నీ తీయండి. ఇంగువ వాసన పరుపులకి పడితే వారమంతా అందులోనే నిద్ర.

ఖర్చు. నలుగురు పట్టే పడవ మే, సెప్టెంబర్ నెలల్లో ఒక ధర, జూలై, ఆగస్టుల్లో ఇంకా ఎక్కువ. అది కాక డీజిల్ చాలాచోట్ల ఇంజిన్ గంటల లెక్కన, క్లీనింగ్, డిపాజిట్, బీమా, సైకిళ్లు వేరే. ఇవన్నీ కలిపి అడక్కపోతే తడిసి మోపెడవుతుంది. నాకు ఒక అద్దె సంస్థ, ముందే ఉన్న గీతకి డిపాజిట్‌లోంచి కోత పెట్టింది. ఎక్కే ముందు ఫోన్‌తో పడవ చుట్టూ వీడియో తీసి వాళ్లకి అక్కడే పంపించండి. ఆగస్టులో స్నేక్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. రేవుల దగ్గర పడవల వరస కొండవీటి చాంతాడే. మే చివర, జూన్, సెప్టెంబర్ మొదటి సగం, ఈ మూడూ నా ఓటు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఒకసారి ఆలోచించండి. నిచ్చెనలాంటి మెట్లు, తడి చెక్క మీద దిగడం మోకాళ్లకి కష్టం. వాళ్లకి సిబ్బంది ఉండే హోటల్ బార్జ్‌లు నయం. వంట, నడపడం వాళ్ల పని, పగలు కావాలంటే సైకిల్ తొక్కొచ్చు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పడవ బుకింగ్ కాగితాన్నే బస వివరంగా చూపించండి, దాని మీద అందరి పేర్లు ఉండేలా అద్దెకిచ్చేవాళ్లని అడగండి. మీరు ఏ నెలలో, ఎంతమంది వెళ్తున్నారో కామెంట్‌లో రాయండి, ఎంత పడవ కావాలో లెక్క చెప్తాను.