వరుసలో మీ చోటును పుట్టిన దేశం నిర్ణయిస్తుంది: అమెరికా గ్రీన్ కార్డు నిరీక్షణ వెనుక లెక్క

(తెర మీద: నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ ఎదుటి రోడ్డు. ఫైళ్లు చంకన పెట్టుకుని నిలబడిన కుటుంబాలు.)

నమస్కారం. హైదరాబాద్‌లో అమెరికా వీసా గురించి తెలియని ఇల్లు అరుదు. స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో, ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారో కూకట్‌పల్లిలోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఎవరినడిగినా చెబుతారు. వీసా చేతికి వచ్చి, అక్కడ ఉద్యోగంలో చేరి, ఇల్లు కూడా కొనుక్కున్న తరువాత, అక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డు కోసం మొదలయ్యే నిరీక్షణ గురించి మాత్రం ఇక్కడి తల్లిదండ్రులకు తెలిసింది తక్కువ. పెళ్లిలోనో గృహప్రవేశంలోనో బంధువులు "మీ వాడికి ఇంకా గ్రీన్ కార్డు రాలేదా?" అని అడిగినప్పుడు వారు ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తారు. పన్నెండు, పదమూడేళ్లుగా ఒకే దేశంలో పని చేస్తూ, పన్నులు కడుతూ, పిల్లలను బడికి పంపుతున్న మనిషి చట్టం దృష్టిలో ఇంకా తాత్కాలికంగా వచ్చినవాడుగానే ఎందుకు ఉండిపోతాడో ఈ వీడియోలో వివరిస్తాను.

అతని చదువు గాని, జీతం గాని, చివరికి అతని పౌరసత్వం గాని ఇందుకు కారణం కాదు. అతడు ఏ దేశంలో పుట్టాడన్నదే కారణం.

(తెర మీద: 1946, 1965, 1990 అనే మూడు సంవత్సరాలు ఒకదాని కింద ఒకటి.)

1946 నాటి చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి 100 మందికి మాత్రమే అమెరికాలో స్థిరపడే అవకాశం ఉండేది. 1965లో వచ్చిన చట్టం జాతిమూలాలను బట్టి కేటాయించే పాత కోటాలను రద్దు చేసి, దేశం చిన్నదైనా పెద్దదైనా పరిమితి ఒక్కటే అన్న సూత్రాన్ని ప్రవేశపెట్టింది. ఆనాటికి అది వివక్షను తొలగించే సంస్కరణ అనే చెప్పాలి. 1990 చట్టం ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి 1,40,000గా నిర్ణయించి, వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతం మించి వెళ్లకూడదని నియమం పెట్టింది. ఫలితంగా నూట నలభై కోట్ల జనాభా ఉన్న భారతదేశానికీ, మాల్దీవులకూ గరిష్ఠ పరిమితి ఒకటే అయింది.

మన ఇంజనీర్లలో ఎక్కువమంది దరఖాస్తు చేసుకునే ఇబి-2 విభాగానికి మొత్తం కోటాలో సుమారు 40,000 కార్డులు దక్కుతాయి. అందులో 7 శాతం అంటే ఏడాదికి 2,800 చిల్లర. ఉద్యోగి భార్య లేక భర్త, పిల్లలు కూడా ఈ సంఖ్యలోకే వస్తారు కాబట్టి, నలుగురేసి ఉన్న కుటుంబాలనుకుంటే దేశం మొత్తానికి ఏడు వందల కుటుంబాలు. ఇతర దేశాలవారు వాడుకోని కార్డులు మిగిలితే అవి పాత తేదీలవారికి చేరుతాయి. అందుకే కొన్ని సంవత్సరాల్లో భారతీయులకు ఇంతకన్నా ఎక్కువ వస్తాయి. అయితే ఏ ఏడాది ఎన్ని మిగులుతాయో ముందుగా ఎవరికీ తెలియదు.

ఇక్కడ పౌరసత్వం లెక్కలోకి రాదన్న సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి, కెనడా పౌరసత్వం తీసుకుని, ఆ పాస్‌పోర్టుతో అమెరికా వెళ్లినా అతడు నిలబడేది భారతదేశపు వరుసలోనే. అందుకు విరుద్ధంగా, కరీంనగర్ జిల్లా నుంచి కువైట్ వెళ్లి ఉద్యోగం చేసిన ఒక తండ్రికి ఇద్దరు కొడుకులున్నారనుకుందాం. పెద్దవాడు ఊళ్లో పుట్టాడు, చిన్నవాడు కువైట్‌లో పుట్టాడు. ఇద్దరూ భారతీయ పౌరులే, ఒకే కళాశాలలో చదివారు, ఒకే రోజున ఒకే కంపెనీ ఇద్దరికీ దరఖాస్తు పెట్టింది. చిన్నవాడు కువైట్ వరుసలోకి వెళ్లి కొద్ది సంవత్సరాల్లో గ్రీన్ కార్డు అందుకుంటాడు. పెద్దవాడికి దశాబ్దం దాటినా కబురు ఉండదు. పెద్దవాడి భార్య దుబాయ్‌లోనో రియాద్‌లోనో పుట్టి ఉంటే, ఆమె జన్మస్థలాన్ని ఆధారం చేసుకుని అతడు కూడా ఆ వరుసలోకి మారవచ్చునని చట్టం చెబుతోంది. జాతకం వేయించేటప్పుడు తప్ప ఎవరూ అడగని పుట్టిన చోటుకు ఇంత విలువ వస్తుందని మన పెద్దలు ఊహించి ఉండరు.

(తెర మీద: వీసా బులెటిన్ పట్టిక. భారత్ గడి మీద గుర్తు.)

ఇప్పుడు ప్రక్రియ ఎలా సాగుతుందో క్లుప్తంగా చూద్దాం. ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ ముందుగా కార్మిక శాఖకు నిరూపించాలి. దీన్నే పర్మ్ అంటారు. ఆ దరఖాస్తు అందిన తేదీయే మీ ప్రయారిటీ డేట్. తరువాత కంపెనీ ఐ-140 అనే పిటిషన్ వేస్తుంది. అది ఆమోదం పొందినా వెంటనే గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేయడానికి వీల్లేదు. విదేశాంగ శాఖ ప్రతి నెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో మీ విభాగానికి, మీ దేశానికి ఎదురుగా ఉన్న తేదీ మీ ప్రయారిటీ డేట్‌ను దాటేవరకు ఆగాలి. మనవాళ్లు "డేట్ కరెంట్ అయింది" అనేది అప్పుడే. 2025 అక్టోబరు బులెటిన్‌లో భారత్‌కు ఇబి-2 తేదీ 2013 ఏప్రిల్ 1.

ఈ తేదీ ముందుకే నడుస్తుందన్న నమ్మకం కూడా లేదు. కోవిడ్ కాలంలో కాన్సులేట్లు మూతపడి కుటుంబ విభాగంలో వాడకుండా మిగిలిన కార్డులు ఉద్యోగ విభాగానికి బదిలీ కావడంతో, 2022 సెప్టెంబరు నాటికి ఇబి-2 తేదీ 2014 డిసెంబరు వరకు వచ్చింది. మరుసటి నెలలోనే అది 2012 ఏప్రిల్‌కు, డిసెంబరులో 2011 అక్టోబరుకు వెనక్కి వెళ్లింది. పన్నెండు వారాలు గడిచేసరికి వరుస మూడేళ్లకు పైగా వెనక్కి జరిగిందన్నమాట.

ఈ మధ్యకాలమంతా కుటుంబం హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద గడుస్తుంది. మామూలుగా దాని గడువు ఆరేళ్లు. ఐ-140 ఆమోదం పొందినవారికి 2000 నాటి చట్టం వల్ల మూడేళ్లకొకసారి పొడిగింపు లభిస్తుంది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి 60 రోజుల వరకే గడువు ఉంటుంది. కొత్త కంపెనీకి మారితే ప్రయారిటీ డేట్ నిలుస్తుంది గాని, పర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి. పదోన్నతితో పని స్వభావం బాగా మారితే అదే తంతు ఎదురు కావచ్చు, అందుకే వచ్చిన పదోన్నతిని కూడా న్యాయవాదిని అడిగిన తరువాతే ఒప్పుకునేవారున్నారు.

స్టాంపింగ్ విషయంలో ఇక్కడి తల్లిదండ్రులు తరచుగా పొరబడతారు. అమెరికాలో ఉండేందుకు అనుమతి వేరు, బయటికి వెళ్లి తిరిగి ప్రవేశించడానికి పాస్‌పోర్టులో ఉండవలసిన వీసా ముద్ర వేరు. అనుమతి పత్రం ఉన్నవాడు అక్కడ నిశ్చింతగా ఉద్యోగం చేసుకోవచ్చు, కాని ముద్ర గడువు తీరి ఉంటే, హైదరాబాద్ వచ్చిన తరువాత కాన్సులేట్‌లో మళ్లీ వేయించుకుంటే తప్ప తిరిగి వెళ్లలేడు. ఒకప్పుడు ఈ పనికి చెన్నై వెళ్లవలసి వచ్చేది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. దూరం తగ్గింది, అనిశ్చితి తగ్గలేదు. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ సౌకర్యాన్ని చాలా వర్గాలకు తొలగించారు. అదే ఏడాది డిసెంబరులో సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన పేరుతో హెచ్-1బి, హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్య లేక భర్త, పిల్లలకు ఇచ్చే వీసా) అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడడంతో, సెలవు మీద ఇక్కడికి వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని కబురు వచ్చినా కొడుకు ముందుగా ముద్ర గడువు చూసుకుంటున్నాడంటే అతనికి ప్రేమ తగ్గిందని నిందించడం న్యాయం కాదు.

కుటుంబ సభ్యుల హోదా పూర్తిగా ఒక్కరి వీసాకు ముడిపడి ఉంటుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో, హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో మరణించారు. ఆయన మిత్రుడు అలోక్ మాదసాని గాయపడ్డారు. అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన ఆయన భార్య సునయన దుమాలకు, భర్త మరణంతోనే అమెరికాలో నివసించే హక్కు కూడా పోయింది. ఆ రాష్ట్రం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, ఎన్నికైన సభ్యుడు కెవిన్ యోడర్ చొరవ తీసుకున్న తరువాతే ఆమె తాత్కాలిక అనుమతితో తిరిగి వెళ్లగలిగారు. ఒక ప్రజాప్రతినిధి దృష్టికి రాని ఇళ్లలో ఇదే పరిస్థితి ఎలా ముగుస్తుందో ఊహించుకోవచ్చు.

దేశాలవారీ పరిమితిని ఉద్యోగ విభాగంలో తొలగించే బిల్లును యోడర్ ముందుకు తెచ్చారు. ఆ తరువాత ఎన్నికైన కాంగ్రెస్‌లో, 2019 జులైలో, అలాంటి బిల్లునే ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ మరొక రూపంలో ఆమోదించింది. రెండింటికీ పొంతన కుదరక చట్టం కాలేదు. మొత్తం సంఖ్యను పెంచకుండా పరిమితిని మాత్రమే తీసివేస్తే ఇతర దేశాలవారి నిరీక్షణ పెరుగుతుందన్నది దీనిపై ప్రధాన అభ్యంతరం. అందులో నిజం ఉంది, కాని ఆ భారాన్ని దశాబ్దాలుగా ఒకటి రెండు దేశాలవారే మోయాలనడానికి అది సమర్థన అని నేను అనుకోను.

(తెర మీద: ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒకరి చేతిలో నీలి రంగు భారతీయ పాస్‌పోర్టు, మరొకరి చేతిలో అమెరికన్ పాస్‌పోర్టు.)

నా దృష్టిలో ఈ వ్యవస్థలో అన్నిటికన్నా కఠినమైన నిబంధన పిల్లల వయసుకు సంబంధించినది. రెండేళ్ల వయసులో శంషాబాద్‌లో విమానం ఎక్కిన పాప, తెలుగు మాట్లాడడం కన్నా ముందు ఇంగ్లీషు నేర్చి, అక్కడి బడిలోనే పెరిగి పెద్దదవుతుంది. తండ్రి వరుస కదలకముందే ఆమెకు 21 ఏళ్లు నిండితే ఆమె అతని దరఖాస్తు నుంచి తొలగిపోతుంది. విద్యార్థి వీసాకు మారి, విదేశీ విద్యార్థిగా ఫీజులు కట్టాలి, లేదా తాను గుర్తుపట్టలేని ఊరికి తిరిగి రావాలి. 2002లో వచ్చిన చట్టం కొంత ఊరటనిచ్చింది: ఐ-140 పరిశీలనలో గడిచిన రోజులను పిల్లల వయసు నుంచి తీసివేయవచ్చు. ఇందులో ఒక చిక్కు ఉంది. త్వరగా తెమలాలని ప్రీమియం రుసుము కట్టి పదిహేను పనిదినాల్లో ఆమోదం తెచ్చుకున్నవారికి తీసివేయడానికి రోజులే మిగలవు.

ఆమె తమ్ముడు అక్కడే పుట్టాడనుకుందాం. అతడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అతనికి 21 ఏళ్లు నిండిన రోజున తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు కోరవచ్చు, ఆ విభాగానికి సంఖ్యా పరిమితి లేదు. తండ్రి ఉద్యోగ వరుస కన్నా కొడుకు ఇరవై ఒకటో పుట్టినరోజు ముందుగా వచ్చే ఇళ్లు ఇప్పుడు కల్పన కాదు. అక్కకు మాత్రం ఆ దారి పనికి రాదు. తోబుట్టువుల విభాగానికి మళ్లీ మరొక సుదీర్ఘమైన వరుస ఉంది.

చివరికి డేట్ కరెంట్ అయిందనుకుందాం. ఐ-485 అనే గ్రీన్ కార్డు దరఖాస్తుకు జనన ధ్రువీకరణ పత్రం కావాలి, అప్పుడు వ్యవహారం మళ్లీ తెలుగు నేల మీదికి వస్తుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, 1980లలో కూడా ఊళ్లలో ఎన్నో జననాలు నమోదు కాలేదు. మన ఆచారం ప్రకారం తొలి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది, కాబట్టి బిడ్డ పుట్టింది అమ్మమ్మ ఊరు, పాస్‌పోర్టులో రాయించింది హైదరాబాద్. పుట్టిన తేదీ బడిలో చేర్చేటప్పుడు పంతులు గారు వేసినది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి మరొకటి ఖాళీగా ఉంటే, వీసా మీద అసలు పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యు' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అక్కడి బ్యాంకు నుంచి ఆసుపత్రి వరకు అదే పేరుతో పిలుస్తారు.

జననం నమోదు కాలేదని పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయం నుంచి ఒక పత్రం తీసుకుని, దానికి తోడుగా పుట్టుకను ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. సాధారణంగా ఆ పని పెద్దమ్మ మీద పడుతుంది. తాను వరుసకు ఏమవుతుందో, కాన్పు ఏ ఊళ్లో, ఏ రోజున, ఎవరింట్లో జరిగిందో, ఆ సంగతి తనకెలా తెలుసో అఫిడవిట్‌లో ఉండాలి. ఇంగ్లీషులో టైపు చేసిన ఆ కాగితాన్ని నోటరీ చదివి వినిపిస్తే, ఆమె "ఔను, నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, నీళ్లు కాచింది నేనే" అని చెప్పి తెలుగులో సంతకం చేస్తుంది. నీళ్లు కాచిన సంగతి అఫిడవిట్‌లోకి ఎక్కదు. తల్లిదండ్రులు, పెద్దమ్మలు ఆరోగ్యంగా ఉండగానే, డేట్ దగ్గరపడేవరకు ఆగకుండా, ఈ పత్రాలు సిద్ధం చేసుకోవడం మంచిది.

గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. అక్కడ ప్రమాణం చేసిన క్షణం నుంచి, 1955 నాటి మన పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం రద్దవుతుంది, పాస్‌పోర్టును అప్పగించాలి. 2005లో వచ్చిన ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా వంటిది, పౌరసత్వం కాదు. సాగుభూమి కొనే హక్కు ఓసీఐకి లేదు, వారసత్వంగా పొందే వీలుంది. ఈ విషయంలో ఎన్నారైకి కూడా అదే నిబంధన. ఓటు దగ్గర మాత్రం తేడా ఉంది. భారతీయ పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవారు ఫారం 6ఏ ద్వారా నమోదై, పోలింగ్ రోజున సొంత నియోజకవర్గానికి స్వయంగా వచ్చి ఓటు వేయవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి పేరు జాబితాలో ఇంకా ఉంటే, దాన్ని తొలగించమని ఫారం 7 ఇవ్వాలి.